‘ఏం’కీ ‘కాదు’కీ మధ్య

“బాగుంది” అన్నాడు, “బాగున్నాయి” అనలేదు. రెండు పెట్టెలు ముందు పెడితే బాగుంది అన్నాడంటే ఆ ఒక్కటీ ఏదో ఆయన మనసులో ఉండే ఉంటుంది, మరి ఇదిగో ఇదీ అని వేలు పెట్టి చూపించొచ్చుగా నాన్న, అనుకుంటూ ఆమె కాలేజీ పై అంతస్తులో, మూసి ఉన్న హాలు తలుపుకి ఎదురుగా వేసిన చెక్క బల్ల మీద, ఒళ్ళో రెండు తెల్ల అట్టపెట్టెలు పెట్టుకుని కూర్చుని ఉంది. లోపల జడ్జీలున్నారు. చివరి ఏడాది పిల్లలు ఒక్కొక్కరే తాము చేసిన పెట్టెలూ డబ్బాలూ పట్టుకుని లోపలికి వెళ్తున్నారు, వెళ్ళేటప్పుడు ఒక మొహంతో, వచ్చేటప్పుడు ఇంకో మొహంతో. ఆమె వంతు రావడానికి ఇంకో గంట పట్టేటట్టుంది. ఆ లోపు తేల్చుకోవాల్సింది ఒక్కటే, ఈ రెండింటిలో ఏది లోపలికి తీసుకెళ్ళడమా అని. రెండూ చూపిస్తానంటే కుదరదు, “మీరే తేల్చుకోలేనిది మేం తేల్చాలా?” అని పంపేస్తారు. పోయిన సెమిస్టర్లో తనని అలాగే పంపేశారు. ఈసారీ పంపేస్తే ఏడాది మళ్ళీ మొదటి నుంచి చదవాలి.

రెండూ చేతిరుమాళ్ళ పెట్టెలే. ఒకే కొలత, ఒకే తెలుపు, ఒకే నల్ల సిరా. రెంటి మీదా ‘ఏం కాదు’ అన్న రెండే మాటలు. బొమ్మ లేదు, పువ్వు లేదు, కంపెనీ పేరు కూడా అడుగున చీమంత. తేడా అల్లా మధ్యలో ఉన్న ఖాళీలో. ఒకదాని మీద ‘ఏం’ పక్కనే ‘కాదు’, అందరూ రాసుకునేటట్టే. రెండోదాని మీద ‘ఏం’ ఈ చివరనుంటే ‘కాదు’ ఆ చివరనుంది, నడుమ ఉత్త తెల్ల అట్ట. మొదటిది స్కేలు మేడంకి నచ్చింది. ఎప్పుడు చూసినా చేతిలో స్టీలు స్కేలు ఉంటుంది కాబట్టి ఆవిడకా పేరు. బోర్డు మీద గీతకే కాదు, టీ కలపడానికీ, వీపు గోక్కోవడానికీ అదే. రెండో పెట్టె చూడగానే ఆ స్కేలుని ఖాళీలో అడ్డంగా పెట్టి, “ఇదేంటమ్మా, మధ్యలోంచి బస్సు వెళ్ళాలా? కొన్నవాడు ‘ఏం’ చదివి ‘కాదు’ ఎక్కడుందో వెతుక్కునేలోపు వాడి జలుబు తగ్గిపోతుంది. దగ్గరికి జరుపు” అంది. క్లాసంతా నవ్వింది, ఆమె కూడా నవ్వింది. జరిపి మొదటి పెట్టె చేసింది. చేశాక చూస్తే నిజమే, శుభ్రంగా ఉంది, ఎక్కడా పేరు పెట్టడానికి లేదు. అయినా రెండోదాన్ని పారెయ్యలేకపోయింది. ఎందుకు పారెయ్యలేకపోయిందో అడిగితే చెప్పడానికి మాత్రం ఆమె దగ్గర జవాబు లేదు. జవాబు లేకుండా ఆ తలుపు దాటి వెళ్తే ఏమవుతుందో ఇందాకట్నుంచీ కళ్ళారా చూస్తూనే ఉంది.

అసలు ఈ పని మొదలైంది చీటీలతో. స్కేలు మేడం ఒక డబ్బాలో వస్తువుల పేర్లు, ఇంకో డబ్బాలో మనసులో కలిగే భావాల పేర్లు వేసి, ఒక్కొక్కరినీ రెంటిలోంచీ ఒక్కో చీటీ తియ్యమంది. రంగు వాడకూడదు, బొమ్మ వెయ్యకూడదు, ఉత్త అక్షరాల్లోనే ఆ భావం కనపడాలి. ఒకడికి సబ్బుపెట్టె మీద అసూయ వచ్చింది, పాపం వాడు వారం రోజులు పక్కింటివాళ్ళ సబ్బు వాసన చూస్తూ తిరిగాడని చెప్పుకున్నారు. ఆమె పక్కన కూర్చునే గిలక్కాయకి బల్బుపెట్టె మీద భయం వచ్చింది. నోరు మూతపడదు గనక ఆ పిల్లని అందరూ గిలక్కాయనే అంటారు. పెట్టిన పేరేదో హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరికీ గుర్తుండదు. ఆమెకి చేతిరుమాళ్ళు, ఊరడింపు వచ్చాయి. ఎంత సులువుగా వచ్చిందో అన్నారంతా. ఏడ్చేవాళ్ళకి రుమాలిస్తాం, ఏం కాదులే అంటాం, ఇంకేం కావాలి? ఆమె కూడా అలాగే అనుకుని ఆ మాటనే తీసుకుని కూర్చుంది, కూర్చున్నాక తెలిసింది ఆ మాట ఎంత మోసకారిదో. లావు అక్షరాల్లో పెడితే ‘ఏం కాదు’ నోర్ముయ్యమన్నట్టుంది. సన్నగా పెడితే తనకే నమ్మకం లేనట్టుంది. ఒంపులు తిరిగిన ఫాంటులో పెడితే మొహానికి రాసుకునే క్రీము అమ్ముతున్నట్టుంది. పక్కకి వాల్చి పెడితే, చెప్పులేసుకుంటూ గుమ్మంలోంచి చెప్పి వెళ్ళిపోతున్నవాళ్ళ మాటలా ఉంది. చివర చుక్క పెట్టి చూసింది, చీటీ రాసి చేతిలో పెట్టి తర్వాతివాళ్ళని రమ్మనే డాక్టరు. ఆశ్చర్యార్థకం పెట్టి చూసింది, తెగిన వైరు చేత్తో పట్టుకుని చూపించే ఎలక్ట్రీషియన్. అక్షరాలు మారలేదు, అవే ఏ, సున్నా, కా, దు. మరి మనిషెలా మారిపోతున్నాడు? ఎక్కడుంటుంది ఆ మనిషి, గీత లావులోనా, తలకట్టు వంపులోనా, ద పక్కన వేలాడే కొమ్ములోనా? ఆ ప్రశ్న ఆమెకి అన్నంలోనూ నిద్రలోనూ తగులుకుంది. షాపుల బోర్డులు చదవడం మానేసి వినడం మొదలుపెట్టింది. మందులషాపు బోర్డు గొంతు సవరించుకుంటున్నట్టుండేది, చెప్పులషాపుది అరుస్తున్నట్టుండేది. బస్సులో ‘తలుపు దగ్గర నిలబడరాదు’ అన్న మాటలు ఏ గొంతుతో అంటున్నాయా అని ఆలోచిస్తూ దిగాల్సిన స్టాపు దాటిపోయేది.

గొంతు అంటే వాళ్ళింట్లో ఒకప్పుడు నాన్నదే. నాన్న స్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఆయన “ఎడమ… కుడి” అంటే స్కూలు గోడ అవతల పోయేవాళ్ళ కాళ్ళు కూడా తెలియకుండా కలిసేవని అమ్మ అంటుండేది. ఇంటికొచ్చాక అదే గొంతుని సగానికి మడిచి “అమ్మడూ” అని పిలిచేవాడు. ఆ గొంతులోనే పుండు పుట్టింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక మొత్తం తీసేశారు. ఆ తర్వాత చాలా నెలలు నాన్న పలక మీద రాసే మాట్లాడాడు. మాట్లాడే మర ఒకటి ఆసుపత్రివాళ్ళు ఇచ్చారు, చేతిలో ఇమిడే టార్చిలైటంత ఉంటుంది, దాన్ని దవడ కింద ఆనించి మీట నొక్కితే జుమ్మని మోగుతుంది, ఆ మోతనే నోరు మాటలుగా మలుచుకోవాలి. ఒకటే మోత. పైకి లేవదు, కిందికి దిగదు. కోపంలోనూ అదే, ముద్దులోనూ అదే, ‘నీళ్ళు’ అన్నా ‘నిప్పు’ అన్నా అదే ఎత్తు, అదే మందం. పైగా కకీ గకీ తేడా ఉండదు, ‘కాలు’ గాలవుతుంది, ‘కొడుకు’ గొడుగవుతుంది. మొదటిసారి గదిలో తలుపేసుకుని ఒక్కడే అని చూసుకుంటుంటే బయట నుంచి విని, లోపల ఏ మిక్సీయో పాడైందనుకుంది ఆమె. ఆ మర తీసుకెళ్ళి బీరువాలో చొక్కాల కింద పెట్టేశాడు నాన్న. బంధువులొచ్చి కూర్చుని, “ఎలాంటి గొంతు ఉండేదీ ఆయనకి!” అని నిట్టూర్చి వెళ్ళేవాళ్ళు, ఆయన ఎదురుగానే, అక్కడ లేని మనిషి గురించి చెప్పుకున్నట్టు. ఆమె ఫోనులో ఆయన పాత గొంతు ఒకటుంది, ఏదో ఆటల పోటీలో మైకులో పిల్లల పేర్లు పిలుస్తున్నది. తీసెయ్యదు, వినదు.

మర బీరువాలోంచి బయటికొచ్చిన రోజు పెద్ద రోజేం కాదు. అమ్మ వంటింట్లో చక్కెర సీసా జారవిడిచింది. అంతే. ఆపరేషనప్పుడు కన్నీటి చుక్క రాల్చని మనిషి, మందులషాపులో ఉద్యోగం చేసుకుంటూ, ఆసుపత్రికీ ఇంటికీ తిరుగుతూ, అడిగినవాళ్ళందరికీ నవ్వుతూ జవాబు చెప్పిన మనిషి, చక్కెరలో గాజుపెంకులు కలిసిపోయాయని కింద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆమె చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది, ఊడవాలో ఓదార్చాలో తెలియక. నాన్న ఆమెని తప్పించుకుని లోపలికొచ్చాడు. గాజు పెంకుల మధ్య జాగ్రత్తగా గొంతుక్కూర్చుని, చొక్కాల కింద నుంచి ఎప్పుడు తీశాడో, మర దవడ కింద పెట్టాడు. “ఏం” అంది మర. మీట వదిలేశాడు. మోత ఆగిపోయింది. వంటింట్లో ఫ్రిజ్ చప్పుడు కూడా వినపడింది. అమ్మ ఏడుపు ఆపి కాదు, ఏడుస్తూనే తలెత్తింది. అప్పుడు మళ్ళీ నొక్కాడు. “గాదు.” అమ్మ ఆయన మొహంలోకీ మరలోకీ మార్చి మార్చి చూసి, ముక్కు చీర కొంగుకి తుడుచుకుని, “మళ్ళీ అను” అంది. మళ్ళీ అన్నాడు. ఒకటే మోత, ఎక్కడా లావూ లేదు, సన్నమూ లేదు, ఒంపు లేదు, చివర చుక్క లేదు. మరి అమ్మ ఎలా ఊరడిల్లింది? అదీ ఆమెకి అంతుపట్టనిది. చీటీ తీసిన రోజు గుర్తొచ్చిందీ అదే. ఖాళీ పెట్టింది అందుకే. అయితే అది నాన్న మీట వదిలినందువల్ల వచ్చిన ఖాళీ కదా, మరకున్న ఇబ్బంది కదా, దాన్ని తెచ్చి అట్ట మీద పెడితే ఊరడింపు అవుతుందా, చదివేవాళ్ళకి అచ్చుతప్పులా కనపడదా? స్కేలు మేడంకి అలాగే కనపడింది మరి. మేడంకి ఈ కథంతా చెప్పొచ్చు. చెప్పలేదు. నాన్న మరతో మాట్లాడతాడని కాలేజీలో ఎవరికీ తెలియదు, గిలక్కాయకి కూడా. ఫోను చేసే పనుంటే అమ్మకే చేస్తుంది, నాన్నకి మెసేజీలు పెడుతుంది. ఆపరేషన్ తర్వాత ఆయనకి ఒక్కసారీ ఫోను చెయ్యలేదు. చేస్తే పక్కనున్నవాళ్ళకి ఆ మోత వినపడుతుందని.

పొద్దున సంగతి మళ్ళీ మొదటి నుంచి చూద్దాం, అని తనకి తనే చెప్పుకుంది. భోజనాల బల్ల మీద రెండు పెట్టెలూ పెట్టింది. నాన్న రెండూ రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. అమ్మ అప్పటికే డ్యూటీకి వెళ్ళిపోయింది. తను బస్సు పాసు కనపడక సంచి కుమ్మరిస్తోంది. అప్పుడే “బాగుంది” వినపడింది. ఆగు. మాట్లాడాలంటే ఒక చేత్తో మర పట్టుకోవాలి. అంటే ఒక పెట్టె కింద పెట్టేశాడన్నమాట, చేతిలో మిగిలింది ఒక్కటే, ఆ ఒక్కటే బాగుంది! హాలు బయట బల్ల మీద కూర్చున్నదల్లా నిటారుగా అయింది. ఏది మిగిలింది చేతిలో? కళ్ళు మూసుకుని చూసింది. నాన్న నీలం చొక్కా కనపడింది, మర మీద అరిగిపోయిన మీట కనపడింది, పెట్టె కూడా కనపడింది, కానీ దాని వీపు మాత్రమే ఆమె వైపుంది. తెల్లటి వీపు. రెంటికీ ఒకటే వీపు. మొహం ఏమైనా చెప్పిందా? నాన్న మొహం ఎప్పుడూ చూస్తున్నదేగా, అసలు చూసిందా, లేక పాసు దొరికిందని పరుగెత్తిందా? అమ్మయితే ఇట్టే చెప్పేసేది. “మీ నాన్నకి నచ్చితే మాటయ్యాక కూడా మీట మీద వేలు ఆడుతూ ఉంటుంది, నచ్చకపోతే మర టక్కున బల్ల మీద పెట్టేస్తాడు” అంటుంది. అమ్మ ఆయన్ని వేళ్ళ దగ్గర చదువుతుంది. తనేమో ఇంకా గొంతులోనే వెతుకుతోంది, అక్కడ ఇక ఏమీ రాసి లేదని తెలిసి కూడా. కూతురు చేసింది కదాని మాటవరసకి అన్నాడేమో? మొదటిది చూసి, పోనీలే శుభ్రంగా ఉంది అనుకున్నాడేమో? రెండోది చూసి తన మాటే అని గుర్తుపట్టాడేమో, గుర్తుపట్టి, నా అవస్థ తీసుకెళ్ళి పెట్టెల మీద అచ్చేశావా అని నొచ్చుకున్నాడేమో? ఆ ఆలోచన ఇంతకుముందు ఎందుకు రాలేదో. ఒళ్ళోని పెట్టెలు ఒక్కసారిగా బరువెక్కాయి.

హాలు తలుపు తెరుచుకుని గిలక్కాయ బయటికొచ్చింది. వచ్చి, ఒక్క మాటా మాట్లాడకుండా ఆమె పక్కన కూర్చుంది. గిలక్కాయ మాట్లాడకపోవడం ఈ నాలుగేళ్ళలో ఆమె ఎప్పుడూ చూడలేదు. బల్బుపెట్టె చేతిలో అలాగే ఉంది, దాని మీద ‘భయం’ అన్న అక్షరాలు వణుకుతూ.

“ఏమన్నారే?”

“జలుబు చేసిన అక్షరాల్లా ఉన్నాయన్నారు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వేశాను.” ఒక్క క్షణం నిజంగానే నవ్వు మొహం పెట్టింది గిలక్కాయ. “అంతే. నవ్వుతూనే వచ్చేశా. ఎన్నిసార్లు గీశానో తెలుసా నీకు?” అంటుండగానే మొహం ముడుచుకుపోయి, రెండు చేతుల్లో తల పెట్టుకుని ఏడ్చేసింది.

ఆమె చెయ్యి తనంతట తానే వెళ్ళి గిలక్కాయ వీపు మీద పడింది. నోరు కూడా తనంతట తానే తెరుచుకుంది. “ఏం” అంది. అని ఆగిపోయింది. ఆగాలని ఆగలేదు. రెండో మాట నాలుక మీదే ఉంది, కానీ ఎదురుగా ఉన్నది వంచిన తల, పాపిట, వేళ్ళ సందుల్లోంచి కారే తడి. ఎవరికి చెప్పాలి ‘కాదు’ అని? వినేవాళ్ళు ఇంకా రాలేదు. ఎప్పుడొస్తారో చూస్తూ ఉండాలి, అంతే, పక్కనే ఉండి చూస్తూ ఉండాలి. గిలక్కాయ ఏడుస్తూనే తలెత్తింది, ఎర్రబడ్డ కళ్ళతో, ఏమిటీ ఏదో అనబోయి ఆగావు అన్నట్టు. అప్పుడు వచ్చింది ఆ మాట. “కాదు.” ఇంత దగ్గరగా ఎప్పుడూ వినలేదు దాన్ని, తన నోట్లోనే. మరైతే ఆ రోజు వంటింట్లో మీట వదిలింది మర ఇబ్బంది వల్ల కాదన్నమాట. ఆ మీట నొక్కి పట్టుకునే రెండు మాటలూ కలిపి అనెయ్యొచ్చు, చాలాసార్లు అలా అనేస్తాడు కూడా, ‘తలుపెయ్యి’ అనీ ‘ఆకలేస్తోంది’ అనీ. ఆ రోజు వదిలాడు. అమ్మ తలెత్తుతుందా లేదా అని చూడ్డానికి వదిలాడు. ఊరడింపు ‘ఏం’లోనూ లేదు, ‘కాదు’లోనూ లేదు.

“రుమాలుందా?” అంది గిలక్కాయ ముక్కు ఎగబీలుస్తూ, జవాబు కోసం ఆగకుండానే, ఆమె ఒళ్ళో చేతికి దగ్గరగా ఉన్న పెట్టె లాక్కుని, చుట్టూ అంటించిన కాగితం పట్టీ పరపరా చింపి, మూత తెరిచి, ఒక తెల్ల రుమాలు లాగి బుర్రుమని ముక్కు చీదింది. చీదాక గానీ పట్టీ వంక చూడలేదు. “అయ్యయ్యో! నీ పెట్టె!” అని నోటి మీద చెయ్యేసుకుంది. మూత ఒక మూల వంగిపోయింది. ‘ఏం’కీ ‘కాదు’కీ మధ్య ఉన్న తెల్లటి చోట తడి వేలి ముద్ర పడింది.

“ఆ ఇంకోది బానే ఉందిగా, అది తీసుకెళ్ళు. చంపేసినా పాపం లేదు నన్ను. అది తీసుకెళ్ళవే.”

ఆమె వంగిన మూల వేలితో సరిచేసి చూసింది. సరికాలేదు. లోపల నుంచి ఆమె వరస సంఖ్య పిలిచారు. నాన్న దేన్ని బాగుందన్నాడో సాయంత్రం ఇంటికెళ్ళి అడిగితే సరిపోతుంది, అడగొచ్చని ఇంతసేపూ ఎందుకు తోచలేదో, ఆయనేం శిలాశాసనమా బయట నిలబడి చదువుకోవడానికి? శుభ్రంగా ఉన్న పెట్టె గిలక్కాయ ఒళ్ళో పెట్టి, చిరిగినది పట్టుకుని లోపలికి నడిచింది.

పొడుగాటి బల్ల వెనక స్కేలు మేడం, పక్కన బయటి నుంచి వచ్చిన జడ్జి ఆవిడ. అట్టపెట్టెల ఫ్యాక్టరీలో డిజైన్లు చూస్తుందట, పొట్టిగా కత్తిరించిన తెల్ల జుట్టు, కళ్ళజోడు దారానికి వేలాడుతోంది. స్కేలు మేడం పెట్టె చూసి కనుబొమలు ముడిచింది. “ఇదా తెచ్చావు? పైగా తెరిచేసిందా?”

“బయట అవసరం పడింది మేడం.”

జడ్జి ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని పెట్టెని దగ్గరికి లాక్కుంది. వేలిముద్ర చూసింది. చిరిగిన పట్టీ చూసింది. ఎడమ నుంచి కుడికి కళ్ళు నడవడం, మధ్యలో ఆగడం, ఆగి పైకి లేచి ఆమె మొహం మీదికి రావడం, తర్వాత మళ్ళీ కిందికి దిగి ‘కాదు’ని అందుకోవడం ఆమెకి స్పష్టంగా కనపడింది. ఆవిడ తొందరేమీ లేనట్టు, “ఇది ఎవరో అన్న మాట” అంది. “అక్షరాలన్నీ ఒకటే మందంగా ఉంచావు. ఎక్కడా బతిమాలలేదు. ఎవరన్నారమ్మా?”

“మా నాన్న.”

“ఎలా ఉంటుంది ఆయన గొంతు?”

చెప్పడానికి ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. స్కూలు మైదానం, గోడ అవతల కలిసే కాళ్ళు, సగానికి మడిచిన ‘అమ్మడూ’, అన్నీ వరసగా నోటి దాకా వచ్చాయి. వచ్చి ఆగాయి. ఆవిడ అడిగింది ఎలా ఉండేదని కాదు. ఉంటుంది అంది. ఇంటికొచ్చినవాళ్ళెవరూ ఆ ప్రశ్న ఆ మాటతో అడగలేదు. ఆమె కూడా తనని తాను అలా అడిగి చూడలేదు.

“మరతో మాట్లాడతాడు మేడం. దవడ కింద పెట్టుకుంటాడు. ఒకటే మోత ఉంటుంది. కకీ గకీ తేడా తెలీదు, ఏం గాదు అంటాడు.” తన మాటలు హాల్లో తనకే వినపడుతున్నాయి. స్కేలు మేడం పెట్టె మీద పెట్టబోయిన స్కేలు గాల్లోనే ఆగింది. “కొత్తవాళ్ళకి మొదట కొంచెం భయంగా ఉంటుంది. తర్వాత…” తర్వాత ఏమిటో చెప్పడానికి మాట వెతికింది, దొరకలేదు, వెతకడం మానేసింది. “ఇంట్లోనే ఉన్నాడు మేడం. ఆయన్ని అడిగి, సరేనంటే, వినిపించనా?”

జడ్జి ఆవిడ స్కేలు మేడం వంక చూసింది. స్కేలు మేడం స్కేలు కింద పెట్టేసింది.

ఫోనులో నాన్న పేరు చాలా కిందికి పోయి ఉంది, వెతికి నొక్కింది. మోగుతోంది. ఎత్తడేమో, ఫోనులో మాట్లాడితే అవతలివాళ్ళు మిషననుకుని పెట్టేస్తున్నారని ఈ మధ్య ఎవరు చేసినా ఎత్తడం లేదు, అదీ ఎప్పుడూ చెయ్యని కూతురు చేస్తుంటే ఏమైందోనని కంగారు పడతాడేమో, మర ఏ గదిలో ఉందో, ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో మర, ముందు ఏది తీసుకోవాలో. మోగుతూనే ఉంది. మోగడం ఆగింది. ఎవరో ఎత్తారు. ఆమె స్పీకరు నొక్కి, ఫోను బల్ల మీద పెట్టి, “నాన్నా, నేనే. పక్కన మా మేడంవాళ్ళున్నారు, వాళ్ళకి నీ మాట వినిపించనా?” అంది. జడ్జి ఆవిడ ముందుకి వంగింది. స్కేలు మేడం వంగింది. అవతల చొక్కా రాసుకున్న చప్పుడు, కుర్చీ జరిగిన చప్పుడు, ఆ తర్వాత మీట మీద వేలు పడిన చప్పుడు.